కిల్ట్ కొనుక్కోవడం, కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడిన్‌బరాలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. స్కాట్లండ్ మగవాళ్ళు సంప్రదాయంగా నడుముకి కట్టుకునే కిల్ట్‌తో పెళ్ళికో మ్యాచ్‌కో వెళ్ళిన ప్రతిసారీ మనవాళ్ళెవరో ఒకరు ఆపి ఏదో ఒకటి అడుగుతారు. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లలు వాట్సాప్‌లో అడుగుతారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

కిల్ట్ అంటే గళ్ళ స్కర్టేనా?

చూడటానికి అలా అనిపించినా కుట్టు వేరు, కట్టు వేరు. పొడవాటి ఉన్నిబట్టని నడుం చుట్టూ తిప్పుతారు. ముందువైపు రెండు పొరలు సాఫీగా ఒకదాని మీద ఒకటి వస్తాయి, వాటిని ఏప్రన్ అంటారు. వెనకంతా కుచ్చిళ్ళు. పక్కల తోలు పట్టీలు, బకిల్స్ ఉంటాయి. జిప్పు ఉండదు, జేబులు ఉండవు. బొడ్డు దగ్గర మొదలై మోకాలి చిప్ప దగ్గర ఆగుతుంది. మగవాళ్ళ కిల్ట్‌లో పై పొర అంచు కుడివైపుకి వస్తుంది, ఆ అంచున దారప్పోగులు వేలాడేలా వదిలేస్తారు.

ప్యాంటు, సూటు ఉండగా దీని మీద అంత ఇష్టం ఎందుకు?

అందరూ చెప్పే కారణం చరిత్ర, సంప్రదాయం. అవి ఉన్నాయి, కింద చెప్తాను. కానీ ఏళ్ళు గడిచినా ఇష్టం తగ్గకపోవడానికి అసలు కారణం మాత్రం ఒంటికి తెలిసేది.

మంచి కిల్ట్ బరువు సుమారు రెండు కిలోలు. అందులో చాలా భాగం వెనక కుచ్చిళ్ళలోనే ఉంటుంది. నడుం దగ్గర పట్టీలు బిగించగానే వెన్ను దానంతటదే నిటారవుతుంది. ప్యాంటులో భుజాలు వాల్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచే మనిషి కిల్ట్‌లో అలా నడవలేడు. నడుస్తుంటే కుచ్చిళ్ళు ఎడమకీ కుడికీ ఊగుతాయి. మెట్లు దిగేటప్పుడు ఆ ఊపు తొడల వెనక స్పష్టంగా తెలుస్తుంది. అలా ఊగుతుంటే నడకలో ఒక లయ వస్తుంది, నడవాలనిపిస్తుంది. అద్దంలో చూసుకుంటే కలిగే సంతోషం కొన్నాళ్ళకి పాతబడుతుంది. ఈ నడక మాత్రం పాతబడదు.

రెండోది, ఇది నా కొలతలకే కుట్టిన బట్ట. రెడీమేడ్ బట్టలకి మనం సర్దుకుపోతాం, బొత్తాం దగ్గర లాగినా, పొడవు ఎక్కువైనా ఊరుకుంటాం. కిల్ట్ కుట్టే మనిషి నడుం, తుంటి, పొడవు కొలిచి, బట్ట మీద ఉన్న గళ్ళు వెనకవైపు ఎక్కడ పడాలో లెక్కవేసి ఒక్కో కుచ్చీ పెడతారు. అది ఇంకొకరికి అచ్చంగా సరిపోవడం అరుదు.

మూడోది, ఇది పాతబడే తీరు. పదేళ్ళ కిందటి సూటు చూడగానే పదేళ్ళ కిందటిదని తెలిసిపోతుంది. ప్యాంటు బిగుతు, కోటు కాలర్ వెడల్పు దాని వయసు చెప్పేస్తాయి. కిల్ట్ ఆకారం వందేళ్ళకి పైగా పెద్దగా మారలేదు కాబట్టి ఆ గొడవ లేదు. పైగా ఉన్ని వాడేకొద్దీ మెత్తబడుతుంది, ఒంటి తీరు నేర్చుకుంటుంది. స్నేహితుల పెళ్ళిళ్ళు, గ్రాడ్యుయేషన్, కొత్త సంవత్సరం రాత్రి హాగ్‌మనే, ముర్రేఫీల్డ్‌లో రగ్బీ, అన్నిటికీ ఇదే బట్ట. వేరే బట్టలకి మన జీవితంలో ఇంత చోటు దొరకదు. కొన్న రోజు కంటే ఇప్పుడు నాకు నా కిల్ట్ ఎక్కువ ఇష్టం. బట్టల విషయంలో ఇలా ఇంకెప్పుడూ జరగలేదు.

పంచె అలవాటున్నవాళ్ళకి తేలిగ్గా ఉంటుందా?

గాలి ఆడే హాయి తెలిసినదే. తేడా ఏమిటంటే పంచె ప్రతిసారీ కొత్తగా కట్టుకుంటాం, జారుతుందేమోనని ఓ కన్ను వేసి ఉంచుతాం. కిల్ట్‌లో కుచ్చిళ్ళు కుట్టేసి ఉంటాయి, పట్టీలు పట్టి ఉంచుతాయి. బెల్టు నడుముకి అందం కోసమే గానీ కిల్ట్ నిలబడటానికి కాదు. పైకి మడిచి కట్టుకోవడం మాత్రం కుదరదు.

మనం స్కాట్లండ్‌వాళ్ళం కాదు కదా. కట్టుకుంటే తప్పుగా అనుకుంటారా?

అనుకోరు. ఇన్నేళ్ళలో నాకు ఎదురైంది ఆదరణే. ఇక్కడివాళ్ళు చూసేది మీ ఒంటి రంగు కాదు, కిల్ట్ సరైన ఎత్తులో కట్టుకున్నారా, మేజోళ్ళు సరిగ్గా మడిచారా అన్నదే. బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు వాయించే బృందాన్ని ఇక్కడ పైప్ బ్యాండ్ అంటారు. మలేషియా సిక్కుల శ్రీ దశ్మేశ్ పైప్ బ్యాండ్ 2019లో గ్లాస్గో గ్రీన్ పార్కులో జరిగిన ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీల్లో గ్రేడ్ 4బీ విభాగంలో గెలిచింది. బ్యాగ్‌పైపులు మన సైన్యంలో ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. స్కాట్లండ్ తన సంగీతాన్నీ దుస్తుల్నీ ప్రపంచమంతా పంచుకుంటే సంతోషించే దేశం. వేళాకోళంగా, ఫ్యాన్సీ డ్రెస్‌లా వేసుకుంటే మాత్రం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

మన దేశం మీదికి దండెత్తిన సైనికులు కట్టుకున్నది కూడా ఇదే కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు గౌరవం. నిజమే. 1799లో శ్రీరంగపట్నం కోట మీద దాడి చేసిన సైన్యంలో 73, 74 నంబరు హైలాండ్ రెజిమెంట్లు, అంటే స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండప్రాంతం హైలాండ్స్ పేరు మీది దళాలు, ఉన్నాయి. 1857లో లక్నోలో 93వ హైలాండర్లు కిల్టులతోనే పోరాడారు. దాన్ని దాచాల్సిన పని లేదు.

అయితే ఇంకో సంగతి కూడా ఉంది. 1745లో, సింహాసనం పోగొట్టుకున్న స్టూవర్ట్ వంశపు రాజకుమారుడు చార్లెస్ పక్షాన జరిగిన తిరుగుబాటు మరుసటి ఏడాది కలోడెన్ యుద్ధంలో అణిగిపోయింది. ఆ వెంటనే లండన్ ప్రభుత్వం 1746 చట్టంతో హైలాండ్స్ మగవాళ్ళు, మగపిల్లలు కిల్ట్ కట్టుకోవడాన్ని నిషేధించింది. మొదటి తప్పుకి ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళపాటు సముద్రాల అవతలికి పంపించే శిక్ష. మినహాయింపు ఎవరికంటే సైన్యంలో చేరినవాళ్ళకి. సొంత ఊళ్ళో కట్టుకుంటే నేరం, రాజు కోసం పోరాడుతూ కట్టుకుంటే గౌరవం. నిషేధం 1782లో ఎత్తేసేసరికి ఒక తరం గడిచిపోయింది. సామ్రాజ్యం ఒకచోట లాక్కుని, ఇంకోచోట యూనిఫారంగా తొడిగించి పంపిన బట్ట ఇది. ఈ రెండూ తెలిసే కట్టుకుంటున్నాను.

ఇది నిజంగా అంత పాతదా, లేక టూరిస్టుల కోసం పుట్టించిందా?

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. పదహారో శతాబ్దం చివర్లో హైలాండ్స్‌లో ఉన్నది పెద్ద కిల్ట్. కుట్టని పొడవాటి బట్టని బెల్టుతో నడుముకి బిగించి, మిగతాది భుజం మీద కప్పుకునేవారు. రాత్రి అదే దుప్పటి. కింది సగం మాత్రమే ఉంచిన చిన్న కిల్ట్ పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో వాడుకలోకి వచ్చింది. ఇవాళ మనం చూసేది దాని వారసత్వమే.

ఒక్కో ఇంటిపేరుకి ఒక్కో టార్టన్ (కిల్ట్ బట్ట మీది రంగు గళ్ళ డిజైన్) అన్న పద్ధతి మాత్రం చాలా తర్వాతిది. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జ్ ఎడిన్‌బరా వచ్చాడు. ఆ వేడుకలు నడిపించింది రచయిత వాల్టర్ స్కాట్. రాజే కిల్ట్ కట్టుకుని కనిపించేసరికి పెద్దలందరికీ తమ వంశం టార్టన్ ఏదో అర్జంటుగా కావాల్సి వచ్చింది. బానక్‌బర్న్‌లో విల్సన్ అండ్ సన్స్ నేతవారికి చేతినిండా పని దొరికింది. ఆ తర్వాత విక్టోరియా రాణి, స్కాట్లండ్‌లో ఆమె విడిది అయిన బాల్మోరల్ కోట ఈ మోజుని ఇంకా పెంచాయి.

ఇది తెలిశాక కొందరు నిరుత్సాహపడతారు. నాకు అలా అనిపించలేదు. ఏ సంప్రదాయమైనా ఎక్కడో ఒకచోట మొదలవ్వాల్సిందే. రెండు వందల ఏళ్ళుగా మనుషులు పెళ్ళిళ్ళలో, చావుల్లో, యుద్ధాల్లో దీన్ని కట్టుకున్నారు, అది చాలు.

ఏ టార్టన్ ఎంచుకోవాలి?

మీకు నచ్చింది. కొత్తవాళ్ళని ఎక్కువగా భయపెట్టే ప్రశ్న ఇదే, నిజానికి అంత భయపడాల్సింది కాదు. టార్టన్ ఎంపిక విషయంలో మిమ్మల్ని ఆపే చట్టం లేదు, ఉన్నది మర్యాద మాత్రమే. బ్లాక్ వాచ్, కలెడోనియా, హంటింగ్ స్టూవర్ట్ లాంటివి ఎవరైనా కట్టుకోవచ్చు. ఊళ్ళ పేర్ల మీద, జిల్లాల పేర్ల మీద ఉన్న టార్టన్లు కూడా ఉన్నాయి. చదువుకున్న ఊరిదో, ఉద్యోగం చేసే ఊరిదో ఎంచుకుంటే అదే మీకు ఆ ఊరితో ఉన్న బంధం. రాజకుటుంబం, రాజుగారి పైపర్ (బ్యాగ్‌పైపు వాయించే అతను) మాత్రమే కట్టుకునే బాల్మోరల్ టార్టన్ జోలికి వెళ్ళకండి. దాన్ని విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ 1853లో రూపొందించాడు.

ఒకే టార్టన్‌లో రంగుల ఛాయలు కూడా వేరువేరుగా దొరుకుతాయి. మోడర్న్ అంటే ముదురు రంగులు. ఏన్షెంట్ అంటే చెట్ల రంగుల అద్దకంలా లేతగా ఉండేవి. వెదర్డ్ అంటే ఎండకీ వానకీ వెలిసినట్టుండే గోధుమ, బూడిద రంగులు. మన చామనఛాయకి ఏన్షెంట్, వెదర్డ్ చాలా బాగా నప్పుతాయని నా అభిప్రాయం. షాపులో చేతిగుడ్డంత ముక్క చూసి నిర్ణయించవద్దు. కనీసం మీటరు బట్ట అడిగి, తలుపు దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూడండి.

మా ఇంటిపేరుతో టార్టన్ పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు. స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్ అని ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, 2008 చట్టంతో ఏర్పాటై 2009లో మొదలైంది. అప్పటికే ఉన్నవాటికి భిన్నమైన డిజైన్ అయి ఉండాలి, ఆ పేరుతో మీకు సంబంధం ఉండాలి, ఫీజు కట్టాలి. కానీ నమోదు అయినంత మాత్రాన బట్ట రాదు. ఒక్క కిల్ట్ కోసం ప్రత్యేకంగా నేయించుకోవడం ఖర్చుతో కూడిన పని.

ఎంత అవుతుంది? అంత ఖరీదు ఎందుకు?

చేత్తో కుట్టిన ఎనిమిది గజాల ఉన్ని కిల్ట్ ఐదు వందల పౌండ్లు దాటడం మామూలే. జాకెట్, స్పోరన్ (నడుం ముందు గొలుసుతో వేలాడే సంచీ), బూట్లు కలిపితే రెట్టింపు దాటుతుంది. ఒక్కసారి కుడుతున్నచోట నిలబడి చూస్తే ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది.

ఎనిమిది గజాలంటే ఏడు మీటర్ల పైమాట. సాధారణంగా రెండింతల వెడల్పున్న బట్ట నాలుగు గజాలు తీసుకుని, నిలువుగా రెండుగా చీల్చి, అతుకు ఒక కుచ్చీ లోపల కనిపించకుండా కలుపుతారు. కింది అంచు మడిచి కుట్టరు. మగ్గం మీద వచ్చిన అంచునే నేరుగా కింది అంచుగా ఉంచుతారు, అందుకే కుచ్చిళ్ళు అంత తేలిగ్గా ఊగుతాయి. తర్వాత పాతిక ముప్పై కుచ్చిళ్ళు. నడుం నుంచి తుంటి దాకా ఒక్కో కుచ్చీ సన్నబడుతూ రావాలి, అయినా గళ్ళు తప్పకూడదు. బాగా కుట్టిన కిల్ట్ వెనకనుంచి చూస్తే అది మడతలు పెట్టిన బట్టలా ఉండదు. గళ్ళన్నీ ఎక్కడా తెగకుండా, సాఫీ బట్టలాగే కనిపిస్తాయి. మనిషి అడుగు వేయగానే తుంటి కింద నుంచి ఆ గళ్ళు విచ్చుకుంటాయి. సైనిక పద్ధతిలో అయితే ప్రతి కుచ్చీ మీదా ఒకే చార వచ్చేలా పెడతారు, అదో అందం. లోపల గట్టి క్యాన్వాస్, దాని మీద లైనింగ్. మొత్తం చేతికుట్టు ఇరవై గంటలకి తగ్గదు.

ఎడిన్‌బరాలో కిన్‌లాక్ ఆండర్సన్ 1868 నుంచి ఉంది. సెల్‌కర్క్‌లో లాక్‌కారన్, డీ.సీ. డాల్గ్లీష్ లాంటి నేత సంస్థలు ఉన్నాయి. బట్ట బరువు కూడా అడగండి. గజానికి 16 ఔన్సులది బరువైనది, 13 మధ్యరకం, 10 లేదా 11 తేలికది. తొలి కిల్ట్‌కే 16 తీసుకోమంటాను. మడత నిలుస్తుంది, గాలికి లేవదు, ఊపు బాగుంటుంది.

ఎడిన్‌బరాలో టూరిస్టుల వీధి రాయల్ మైల్ షాపుల్లో వంద పౌండ్ల లోపే దొరుకుతున్నాయి కదా?

దొరుకుతాయి. వాటిలో చాలావరకు యాక్రిలిక్ లేదా పాలీవిస్కోస్, గజాలు తక్కువ, మిషన్ కుట్టు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో పెద్ద ఎత్తున తయారవుతాయి, అక్కడ బ్యాగ్‌పైపులు కూడా చేస్తారు. మ్యాచ్‌కో, కొండలెక్కడానికో పనికొస్తాయి. కానీ పైన చెప్పిన నడక, బరువు వాటిలో ఉండవు. అది కట్టుకుని “ఇంతేనా కిల్ట్” అనుకుంటే మాత్రం బాధగా ఉంటుంది. డబ్బు తక్కువైతే ఛారిటీ షాపుల్లో సెకండ్‌హ్యాండ్ ఉన్ని కిల్ట్ వెతకండి. నడుం కొలత దగ్గరగా ఉంటే చాలు.

ఒక్క పెళ్ళికే అయితే అద్దెకి తీసుకోవచ్చా?

హాయిగా తీసుకోండి.

ఎలా కట్టుకోవాలి?

ముందు మేజోళ్ళు, బూట్లు వేసుకోండి. కిల్ట్ కట్టుకున్నాక వంగితే కుచ్చిళ్ళు నలుగుతాయి. కిల్ట్‌ని వెనకనుంచి పట్టుకుని, కుడి చేతిలో ఉన్న కొసని ముందుగా ఎడమవైపుకి తెచ్చి, పట్టీని అక్కడి చీలికలోంచి బయటికి తీసి బకిల్‌కి పెట్టండి. తర్వాత పై పొరని కుడివైపుకి తెచ్చి అక్కడి పట్టీలు పెట్టండి. జీన్స్ కట్టుకునే చోట కాదు, బొడ్డు ఎత్తున. అలవాటు లేనివాళ్ళు అందరూ కిందికి దించేస్తారు, అప్పుడు అంచు మోకాళ్ళ కిందికి దిగి మనిషే పొట్టిగా కనిపిస్తాడు. కింద కుడిమూల పెట్టే పిన్ను పై పొరకి మాత్రమే గుచ్చాలి. రెండు పొరలకీ కలిపి గుచ్చితే కూర్చునేటప్పుడు బట్ట చిరుగుతుంది.

మేజోళ్ళు మోకాలి కింద మడిచి, ఫ్లాషెస్ అనే రంగు పట్టీలు కాలు బయటివైపు కనపడేలా పెట్టుకోవాలి. మొత్తం పావుగంట పని. ఆ పావుగంట కూడా నాకు ఇష్టమే. హడావుడిగా తొడుక్కుని పరిగెత్తే బట్ట కాదు కాబట్టి, వెళ్ళబోయే సందర్భం మీదికి మనసు ముందే వెళ్తుంది.

లోపల ఏమీ వేసుకోరటగా?

ప్రతివాళ్ళూ అడిగేది ఇదే. అది సైన్యం నుంచి వచ్చిన ఆనవాయితీ, పాటించేవాళ్ళు ఉన్నారు. అద్దె షాపులవాళ్ళు వేసుకోమనే చెప్తారు, హైలాండ్ డ్యాన్స్ పోటీల్లో తప్పనిసరి. మీరు వేసుకోండి. దారిన పోయేవాళ్ళు అడిగితే జవాబు చెప్పాల్సిన అవసరం లేదు, నవ్వి ఊరుకోవచ్చు.

చలి వేయదా?

నడుం, తుంటి చుట్టూ అన్ని పొరల ఉన్ని ఉంటుంది, అక్కడ ప్యాంటు కంటే వెచ్చగా ఉంటుంది. చలి తెలిసేది మోకాళ్ళకే. అది కూడా కాసేపటికి అలవాటవుతుంది.

కూర్చోవడం ఎలా?

రెండు చేతులతో వెనక కుచ్చిళ్ళని కిందికి నిమిరి కూర్చోండి. స్పోరన్ ఒళ్ళో మధ్యకి జారి ముందు పొరని పట్టి ఉంచుతుంది. మోకాళ్ళు మరీ దూరంగా పెట్టకండి. ఒక వారంలో చేతులకి అదే వచ్చేస్తుంది.

మేజోడులో ఉండే ఆ చిన్న కత్తి పెట్టుకోవచ్చా?

దాన్ని స్కియన్ దూ అంటారు. స్కాట్లండ్‌లో 1995 నాటి క్రిమినల్ లా చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో కత్తి ఉంచుకోవడం నేరమే అయినా, జాతీయ దుస్తుల్లో భాగంగా ఉంచుకుంటే మినహాయింపు ఉంది. విమానంలో మాత్రం చెక్‌ఇన్ సామాన్లలోనే పెట్టాలి. ఇండియాకి తీసుకెళ్ళకపోవడమే మంచిది. అది లేకపోయినా లోటేమీ కనపడదు.

ఒళ్ళు చేస్తే కిల్ట్ వృథాయేనా?

కాదు. దీని గొప్పతనాల్లో ఇది ఒకటి. పట్టీల రంధ్రాలతో కొంత సర్దుబాటు అవుతుంది. అది చాలకపోతే బకిల్స్ జరిపి కుట్టిస్తారు. అదీ చాలకపోతే కుట్లు విప్పి మళ్ళీ కుచ్చిళ్ళు పెట్టేవాళ్ళు ఉన్నారు, కుచ్చిళ్ళలో బట్ట బోలెడు దాగి ఉంటుంది మరి. తాతది మనవడికి సరిచేసి కట్టే ఇళ్ళు ఇక్కడ ఉన్నాయి.

ఉతకడం, దాచడం ఎలా?

వాషింగ్ మెషీన్‌లో వేయకండి. మరక పడితే అక్కడే తడిగుడ్డతో తుడవాలి. కట్టుకున్న మర్నాడు గాలి తగిలేలా వేలాడదీస్తే వాసన పోతుంది. డ్రై క్లీనింగ్ అరుదుగా చాలు, దానికి ఇచ్చేముందు కుచ్చిళ్ళు చెదరకుండా పెద్ద పెద్ద కుట్లు వేయించండి. అసలు శత్రువు ఉన్ని తినే పురుగు. మురికి, చెమట ఉన్నచోటే మొదలుపెడుతుంది, కాబట్టి శుభ్రం చేయకుండా బీరువాలో పెట్టవద్దు.

ప్రయాణంలో మడత పెట్టకూడదు, చుట్టాలి. కిల్ట్‌ని నేల మీద పరిచి, కుచ్చిళ్ళు సరిచేసి, ఒక పక్కనుంచి చాపలా చుట్టి, ఆడవాళ్ళ పాత టైట్స్ కాలు ఒకటి కత్తిరించి అందులోకి దూర్చేయండి. సూట్‌కేసులో గొట్టంలా పడుకుంటుంది. తీసి పది నిమిషాలు వేలాడదీస్తే ఇస్త్రీ అవసరం రాదు.

ఇండియాలో కట్టుకోవచ్చా?

హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రి రిసెప్షన్‌కి బాగుంటుంది. మే నెలలో విజయవాడలో వద్దు. తేలిక బట్టతో కుట్టించుకుంటే వేడి కొంత తగ్గుతుంది గానీ ఊపు కూడా తగ్గుతుంది. వానాకాలంలో బీరువాలో ఉంచేస్తే ముక్కవాసన పడుతుంది, కలరా ఉండలు వేసినా సరే, నెలకోసారి బయటికి తీసి గాలికి పెట్టాలి. మా అమ్మ మొదటిసారి నా కిల్ట్ చేతిలోకి తీసుకుని, తిరగేసి, లోపలి కుట్టు వేలితో తడిమి చూసింది. “మిషన్ కుట్టు కాదురా ఇది” అంది. ఆ తర్వాత దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

ఆడవాళ్ళు కట్టుకోవచ్చా?

పైప్ బ్యాండ్లలో, హైలాండ్ డ్యాన్సుల్లో కట్టుకుంటూనే ఉన్నారు. బయట ఎక్కువమంది కిల్ట్ తరహా స్కర్టు వేసుకుంటారు, అది తేలికగా ఉంటుంది. ఇష్టమైతే పూర్తి కిల్టే కుట్టించుకోండి.

మొదటిసారి బయటికి వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పదిమంది కిల్టుల్లో ఉండేచోట. స్కాట్లండ్ ఆడే రోజు ముర్రేఫీల్డ్, లేదా జనవరి 25 చుట్టుపక్కల కవి రాబర్ట్ బర్న్స్ పేరు మీద జరిగే విందు, బర్న్స్ సప్పర్. అన్నిటికంటే మంచిది కేలీ, అంటే ఫిడిల్, అకార్డియన్ వాయిస్తుంటే అందరూ కలిసి ఆడే డ్యాన్స్. అడుగులు రాకపోయినా ముందే చెప్పి ఆడిస్తారు, పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని తిప్పేస్తారు. కుచ్చిళ్ళు ఎందుకున్నాయో అక్కడ ఒక్క పాటలో అర్థమవుతుంది. కోటు కుర్చీకి తగిలించేయండి, చాలా వేడెక్కుతారు. స్ట్రిప్ ద విల్లో అనే డ్యాన్స్ మొదలయ్యేలోపు స్పోరన్ గొలుసుని నడుం పక్కకి తిప్పుకోండి, లేకపోతే గిర్రున తిరిగేటప్పుడు ఎదుటివాళ్ళకి గట్టిగా తగులుతుంది.